మౌస్ తీసేశాక డెస్క్‌టాప్: సర్వీసులో చూపు కోల్పోయిన ఒక సీనియర్ అసిస్టెంటుకు స్క్రీన్ రీడర్ శిక్షణ

ఈ కేస్ స్టడీ ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న, 40 ఏళ్లు దాటిన ఉద్యోగి గురించి. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య నేత్రవ్యాధి ఆయన చూపును ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తినేసింది. ఆయన అంగీకారంతోనే దీన్ని రాస్తున్నాను. ఊరు, శాఖ, ఆయనను గుర్తుపట్టించే ఇతర వివరాలు వదిలేశాను. నేను చూపు లేనివారికి, చూపు తగ్గినవారికి స్క్రీన్ రీడరుతో, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, కంప్యూటరు నేర్పే పనిలో ఉన్నాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది: కంప్యూటరు తెరను నేనెన్నడూ చూడలేదు, ఆయన సర్వీసంతా చూస్తూనే పనిచేశారు, శిక్షణలో ఎదురైన చిక్కులు చాలావరకు ఈ తేడా దగ్గరే పుట్టాయి.

మా దగ్గర శిక్షణ అనగానే షార్ట్‌కట్ల (మౌస్ లేకుండా పని చేయించే కీల) జాబితా ఒకటి చేతిలో పెట్టి కంఠస్థం చేయించడం మామూలైపోయింది. పుట్టుకతో చూపు లేని పిల్లలకు అది కొంతవరకు నడుస్తుంది. ఎందుకంటే వాళ్ల మనసులో తెరకు వేరే బొమ్మ ఏదీ ఉండదు. చూపు ఉండి పోయినవారి విషయంలో ఆ పద్ధతి పనికిరాదని నా అభిప్రాయం. వారికి మొదట నేర్పవలసినవి పని చేయించే కీలు కావు, తాను ఎక్కడున్నదీ అడిగి తెలుసుకునే కీలు. దారి తప్పినా తిరిగి చోటు పట్టుకోగలనన్న ధీమా కుదిరాకే మిగిలిన షార్ట్‌కట్లు చేతికి పడతాయి. ఈ కేసులో శిక్షణ మొత్తాన్ని ఆ వరుసలోనే నడిపాను.

వచ్చేనాటికి ఉన్న పరిస్థితి

ఈ జబ్బులో కంటి రెటీనాలో మసక వెలుతురును పట్టే కణాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి మొదట రేచీకటి వస్తుంది, ఆ తరవాత చుట్టుపక్కల చూపు కుంచించుకుపోయి, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు నడిమధ్య కొద్దిపాటి చూపు మాత్రం మిగులుతుంది. ఆయన నా దగ్గరకు వచ్చేనాటికి ఆ నడిమధ్య చూపు కూడా మసకబారింది. అయినా దానితోనే మౌస్ బాణాన్ని వెతికేవారు. బాణం ఎక్కడుందో తెలియనప్పుడు మౌస్‌ను గబగబా అటూ ఇటూ ఊపి, కదులుతున్నదాన్ని బట్టి పట్టుకునేవారు. ఎవరో చెప్పగా విండోస్‌లోని మాగ్నిఫయర్ పెట్టుకున్నారు, కానీ అది ఆయనకు మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. చూసే కిటికీ ఇరుకైనవారికి అక్షరాన్ని పెద్దది చేస్తే, ఆ ఇరుకులో పట్టే అక్షరాలు ఇంకా తగ్గిపోతాయి; ఒక వాక్యం చదవడానికి తెరంతా దేవులాడాలి. సాయంత్రానికి తలనొప్పి, కళ్లమంట.

ఆఫీసులో ఆయనకు టైపు పని తగ్గించి, ఆ తరవాత కంప్యూటరే తప్పించి, తపాలు ఇచ్చిపుచ్చుకునే సీటులో కూర్చోబెట్టారు. అందులో దురుద్దేశం ఉందని నేననుకోను. చూపు లేకుండా కంప్యూటరు పని జరుగుతుందన్న ఊహే అక్కడ ఎవరికీ లేదు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే మేలేమో అన్న సలహా మాత్రం ఒకరిద్దరు ఇచ్చారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 20వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకు సరిపోకపోతే అదే జీతం స్కేలు, అవే ప్రయోజనాలతో మరో పోస్టుకు మార్చాలి, అదీ కుదరకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులో (ఉన్న పోస్టులకు అదనంగా ఏర్పరిచే పోస్టులో) ఉంచవచ్చు. ఈ మాట చెప్పాక ఆయన ముఖ్యంగా అడిగింది ఒకటే: ‘సీటు ఉంటుంది సరే మేడమ్, పని ఉంటుందా?’ శిక్షణ లక్ష్యం అక్కడే ఖాయమైంది: తన కంప్యూటరు తాను తెరుచుకుని, తన ఫైలు తాను వెతుక్కుని, ఉత్తరం టైపు చేసి, దాచి, పంపడం.

ఆయనలో నాకు కనిపించిన పెద్ద ఆస్తి టైపు. ఉద్యోగంలో చేరకముందే ఇంగ్లీషు టైపు హయ్యర్, తెలుగు టైపు లోయర్ పాసయ్యారు. వేళ్లకు అక్షరాలు చూడవలసిన పని లేదు.

సాధనాల ఎంపిక

విండోస్‌లో వాడే స్క్రీన్ రీడర్లలో జాస్ పాతది, బలమైనది, కానీ డబ్బు పెట్టి కొనాలి. ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో దీన్ని రాయడం మొదలుపెట్టారు, ఇప్పటికీ దాని సోర్స్ కోడు అందరికీ అందుబాటులోనే ఉంది. ఆఫీసు కొనుగోలు కోసం ఫైలు పెట్టి, మంజూరు కోసం ఎదురుచూస్తూ ఉంటే ఆయన పట్టుదల సడలిపోతుందని అనిపించి ఎన్‌వీడీఏనే ఎంచుకున్నాను. పైగా దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ కాపీగా పెట్టుకుని తీసుకెళ్లవచ్చు. మొదట్లో ఆఫీసు కంప్యూటరులో కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి అనుమతి లేనందున ఆ కాపీయే అక్కరకొచ్చింది. పోర్టబుల్ కాపీకి ఒక లోటుంది: విండోస్ లాగిన్ తెర మీద అది పలకదు. పాస్‌వర్డ్ దగ్గర విండోస్‌లోనే ఉన్న నేరేటర్ అనే స్క్రీన్ రీడరును విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలు కలిపి నొక్కి లేపి, లోపలికి వచ్చాక అదే కీలతో దాన్ని ఆపి, ఎన్‌వీడీఏ నడపడం నేర్పాను. తరవాత ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి వచ్చింది కాబట్టి ఈ తిప్పలు ఎక్కువ కాలం పడలేదు.

గొంతు విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు రేకు డబ్బా మోతలా ఉందన్నారు. నిజమే, కానీ వేగం పెంచినా స్పష్టత చెడని గుణం దానిది, తెలుగు కూడా చదువుతుంది. ఇంగ్లీషుకు మైక్రోసాఫ్ట్ వారి హీరా గొంతు, తెలుగు ఫైళ్లకు ఈస్పీక్ అని మొదట రాజీపడ్డాం. కొంతకాలానికి ఆయనే అన్నిటికీ ఈస్పీక్‌కు మారిపోయారు. చాలామంది విషయంలో ఇదే జరుగుతుంది. కొత్తవారి మీద గొంతును రుద్దకుండా వదిలేస్తే సరిపోతుంది.

మౌస్ వైరు మాత్రం మొదటిరోజే తీసేశాం. ఎన్‌వీడీఏ మౌస్ బాణం కింద ఏముంటే అది చదువుతుంది కాబట్టి, ఆయన అలవాటుగా మౌస్ ఊపిన ప్రతిసారీ సంబంధం లేని మాటలు వినిపించి గందరగోళమయ్యేది. తెర కూడా అడ్డమే అయింది. మిగిలిన ఆ కాస్త చూపుతో తెరలోకి వంగి వెతకడం మొదలుపెడితే చెవులు పనిచేయడం మానేస్తాయి. ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ అనే సదుపాయం ఉంది; ఎన్‌వీడీఏ కీ (దాని ఆదేశాలకు కలిపి నొక్కే కీ), కంట్రోల్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెర పూర్తిగా నల్లబడుతుంది, కంప్యూటరు మాత్రం మామూలుగా పనిచేస్తుంది. ఆయనను అడిగి, ఆయన ఒప్పుకున్నాకే పాఠం జరిగే సేపు అది వేసి ఉంచాను. చూపు మిగిలి ఉన్నవారి దగ్గర అడగకుండా తెర ఆర్పడం నేను ఎవరికీ సిఫారసు చేయను.

కీబోర్డులో టైపు మిషనుకు లేని భాగం

ఎఫ్, జె అక్షరాల మీది గీతలను వేళ్లు క్షణంలో పట్టేశాయి. టైపు మిషను మీద లేని కీల దగ్గరే తడబాటు: ఆల్ట్, విండోస్, ఇన్‌సర్ట్, డిలీట్, హోమ్, ఎండ్, పైవరుస ఫంక్షన్ కీలు. ఆ కీబోర్డులో ఫంక్షన్ కీల మధ్య నాలుగేసికి ఉండవలసిన ఖాళీ లేదు, పన్నెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎఫ్4, ఎఫ్8 మీద రాళ్ల స్టిక్కరు బొట్లు అంటించాం. రబ్బరు చుక్కలు విడిగా దొరుకుతాయి గానీ, బొట్టుబిళ్ల ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది, ఊడిపోతే ఇంకొకటి అంటించవచ్చు.

క్యాప్స్‌లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టాను. హెడ్డింగులకు పెద్దక్షరాలు కావాలంటే దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలి. తరవాత ఎన్‌వీడీఏ కీతో పాటు 1 నొక్కి ఇన్‌పుట్ హెల్ప్ పెట్టి, ‘ఏ కీ అయినా నొక్కండి సార్, ఏమీ జరగదు, పేరు మాత్రం చెబుతుంది’ అని వదిలేశాను. ఎన్‌వీడీఏ కమాండు ఉన్న కీలైతే అది చేసే పని కూడా చెబుతుంది. ఏదో నొక్కితే ఏదో అయిపోతుందన్న భయం చూపు కోల్పోయినవారిలో చాలా గట్టిది. ఆ భయం లేకుండా కీబోర్డంతా తిరిగి రావడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

కుడివైపు అంకెల భాగం ఒక ప్రత్యేక సమస్య. నమ్‌లాక్ ఆపి ఉంటే ఎన్‌వీడీఏ ఆ అంకెలను చదివే కమాండ్లుగా వాడుకుంటుంది: 8 నొక్కితే ప్రస్తుత పంక్తి, 5 నొక్కితే మాట, 2 నొక్కితే అక్షరం చదువుతుంది. కానీ బిల్లుల సీటులో ఏళ్లపాటు పనిచేసిన మనిషి కుడిచేయి ఆ అంకెలతోనే మొత్తాలు కొడుతుంది. ఆయనకు ఆ అంకెలే ముఖ్యమని తేల్చి, నమ్‌లాక్ ఎప్పుడూ వేసే ఉంచి, చదివే పనిని మామూలు కర్సరుతోనే చేయించాను. పుస్తకంలో ఉన్న పద్ధతికన్నా మనిషి చేతివాటానికి విలువ ఇవ్వాలి.

ఎక్కడున్నాను?

తెర చూసేవారికి ఒకేసారి అన్నీ కనిపిస్తాయి. స్క్రీన్ రీడరు మాత్రం ఒకసారి ఒకే చోటి గురించి చెబుతుంది. ఆ చోటును ఫోకస్ అంటాం. ఈ తేడాను ఎన్ని విధాల వివరించినా ఆయన తల ఊపడమే తప్ప లోపలికి ఎక్కలేదు, చివరికి ఆయన భాషలోనే చెప్పవలసి వచ్చింది: లావుపాటి ఫైలులో ఒకే ఒక్క ఫ్లాగు (పేజీ గుర్తుకు పెట్టే చీటీ) పెట్టి ఉంది, మీకు వినిపించేది ఆ ఫ్లాగు పెట్టిన పేజీ మాత్రమే, మిగతా పేజీలు లేకపోలేదు, ఫ్లాగు జరిపితేనే వినిపిస్తాయి. ఆ తరవాత ఆయన ఫోకస్ అనడం మానేసి ‘ఫ్లాగు ఎక్కడుంది’ అనడం మొదలుపెట్టారు.

ఫ్లాగు ఎక్కడుందో అడిగే కీలు కొన్నే. ఎన్‌వీడీఏ కీతో టి నొక్కితే ఏ విండోలో ఉన్నామో దాని శీర్షిక చెబుతుంది. ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కితే సరిగ్గా ఏ వస్తువు మీద ఉన్నామో చెబుతుంది. ఎన్‌వీడీఏ కీతో పై బాణం ప్రస్తుత పంక్తిని, బి ఆ విండోలో ఉన్నదంతా, ఎండ్ అడుగున ఉండే స్టేటస్ బారును చదివిస్తాయి. మొదట్లో పాఠాలన్నీ ఈ కీలమీదే నడిచాయి. నేను ఏదో ఒక విండో తెరిచి, ఏదో ఒక బటన్ మీద ఆపి, కీబోర్డు ఆయనకు ఇచ్చేదాన్ని. ఏమీ మార్చకుండా, అడగడం మాత్రమే చేసి, ఎక్కడున్నారో నాకు చెప్పాలి. ఇది విసుగు పుట్టించే అభ్యాసమే. ఆయన ఒకటి రెండుసార్లు ‘పని ఎప్పుడు మొదలుపెడదాం’ అన్నారు కూడా. అయినా కదల్లేదు.

ఇంటికి చేరే దారి రెండోది. డెస్క్‌టాప్‌కు వెళ్లడానికి విండోస్ కీతో డి అని అందరూ నేర్పుతారు. నేను ఎం నేర్పుతాను. డి రెండోసారి నొక్కితే అణిగిన విండోలన్నీ మళ్లీ పైకి వస్తాయి. కంగారులో ఉన్న మనిషి ఒకే కీని రెండు మూడుసార్లు నొక్కడం సహజం, అప్పుడు తాను డెస్క్‌టాప్ మీద ఉన్నాడో, పాత విండోలో ఉన్నాడో తెలియదు. ఎం ఎన్నిసార్లు నొక్కినా విండోలను అణచడమే తప్ప లేపడం ఉండదు.

డెస్క్‌టాప్ మీద ఆయన నాకు ఒక సంగతి నేర్పారు. నేను ఎప్పుడూ ఫోల్డరు పేరు మొదటి అక్షరం నొక్కి నేరుగా దాని మీదకు వెళ్తాను; ఐకాన్లు ఎలా అమర్చి ఉన్నాయన్నది నాకు పట్టదు. ఆయన మాత్రం బాణం కీలతో తిరుగుతూ, ‘రీసైకిల్ బిన్ 1 ఆఫ్ 14’ అని వినపడగానే అది ఎడమవైపు పైమూల అనుకుని, కిందికి మూడు, కుడికి ఒకటి అని లెక్కగట్టి తన ఫోల్డరును పట్టేశారు. డెస్క్‌టాప్ మీద బాణం కీలు నిజంగానే తెర మీది అమరిక ప్రకారం కదులుతాయి, నిలువు వరుస చివరికి వచ్చాక కింది బాణం ఎంత నొక్కినా ముందుకు పోదు, కుడి బాణం నొక్కి పక్క వరుసకు వెళ్లాలి. ఆయన మనసులోని పాత బొమ్మ ఇక్కడ పూర్తిగా పనికొచ్చింది. ఎవరైనా ఐకాన్లు జరిపితే లెక్క తప్పుతుంది కాబట్టి మొదటి అక్షరం పద్ధతి కూడా అలవాటు చేశాను, కానీ ఆ పాత బొమ్మను చెరిపేయమని మాత్రం చెప్పలేదు.

ట్యాబ్ వేరు, బాణం వేరు

అదే బొమ్మ డైలాగ్ బాక్సుల్లో, అంటే పేరు, ఎంపికలు అడిగే చిన్న విండోల్లో, ఆయనను నిలువునా ముంచింది. ఒకరోజు వర్డ్‌లో ఉత్తరం టైపు చేసి ఎఫ్12 నొక్కారు. ‘సేవ్ యాజ్ డైలాగ్’ అని, వెంటనే ఫైల్ నేమ్ అని వినిపించింది. పేరు కొట్టారు. ట్యాబ్ నొక్కారు, సేవ్ యాజ్ టైప్ అన్న కాంబో బాక్సు (జాబితాలోంచి ఒకటి ఎంచుకునే పెట్టె) వచ్చింది, దాని పేరు పూర్తిగా వినకుండానే కింది బాణం నొక్కి, ఆపైన ఎంటర్ కొట్టారు. ఫైలు సేవ్ అయింది, కానీ మామూలు వర్డ్ ఫైలుగా కాదు, ఆ జాబితాలో రెండోదైన మాక్రోలున్న (లోపల చిన్న ప్రోగ్రాములు ఉండగల) వర్డ్ ఫైలుగా. పై ఆఫీసుకు మెయిల్‌లో పంపితే అటాచ్‌మెంటును తిప్పికొట్టింది. ఎందుకు కింది బాణం నొక్కారని అడిగితే, ‘సేవ్ బటన్ కుడిచేతి కింది మూల ఉంటుంది కదా మేడమ్, అందుకని కిందికి దిగాను’ అన్నారు.

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తెరను చూసి నేర్చిన మనిషికి ‘కింద’ అంటే కిందే. కానీ డైలాగ్ బాక్సులో బాణానికి దిక్కు లేదు. ఒక వస్తువు నుంచి మరో వస్తువుకు తీసుకెళ్లేది ట్యాబ్, వెనక్కు తెచ్చేది షిఫ్ట్‌తో ట్యాబ్. బాణం ఉన్న వస్తువు లోపల విలువను మారుస్తుంది. కాంబో బాక్సు మీద ఉండి కింది బాణం నొక్కితే ఎంపిక మారిపోతుంది, రేడియో బటన్ల మీదా అంతే. చుట్టూ చూద్దామని నొక్కిన బాణం, చూడడంతో ఆగకుండా మార్చేస్తుంది. చూపున్నవారికి ఆ మార్పు కళ్లెదుట కనిపిస్తుంది కాబట్టి వెంటనే సరిచేసుకుంటారు. వినేవారు ఆ ఒక్క మాట వినకపోతే ఇక ఎప్పటికీ తెలియదు. బిల్లుల ఫారంలో పద్దు ఎంచుకునే కాంబో బాక్సు మీద ఇలా జరిగితే ఏమవుతుందో ఆయనకు నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది.

దీనికి మందుగా డైలాగ్ బాక్సుల్లో బాణం కీలను కొంతకాలం పూర్తిగా నిషేధించాను. ట్యాబ్ నొక్కడం, వినపడ్డ రెండో మాటను పట్టుకోవడం: బటన్ అంటే స్పేస్, చెక్ బాక్స్ అంటే స్పేస్, ఎడిట్ అంటే టైపు చేయడం, కాంబో బాక్స్ అంటే ఆగి ఆలోచించడం, అన్‌అవైలబుల్ అంటే వదిలి ముందుకు పోవడం. పేరు కన్నా ఆ పేరు తరవాత వచ్చే మాటే ఏ కీ నొక్కాలో చెబుతుంది. ఇది తెలిసినవారు మునుపెన్నడూ చూడని సాఫ్ట్‌వేర్‌లో కూడా నెట్టుకురాగలరు. ప్రింట్ డైలాగులో, ఫాంట్ డైలాగులో, పేజీ సెటప్‌లో ఇదే అభ్యాసం; మార్చవలసింది ఏదైనా ఉంటే మార్చేముందు ఏముందో, మార్చాక ఏమైందో రెండూ పైకి చెప్పాలి.

వినడంలో ఆయనకు మరో ఇబ్బంది ఉండేది. మాట పూర్తయ్యేదాకా కీ నొక్కేవారు కాదు. ఎదుటివారు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకూడదన్న మర్యాద కంప్యూటరు దగ్గరా పాటించారు! కంట్రోల్ కీ నొక్కితే గొంతు ఆగిపోతుందని, ఏ కీ నొక్కినా పాత మాట తెగి కొత్త మాట మొదలవుతుందని తెలిసినా వేలు ఆడేది కాదు. యాభై ఫైళ్లున్న ఫోల్డరులో కింది బాణం నొక్కుతూ, పేరులో మొదటి అక్షరాలు చెవిన పడగానే తరవాతి దానికి దూకమని పందెం కట్టినట్టు ఆడించాక ఆ మర్యాద తగ్గింది, వేగం దానంతటదే వచ్చింది.

మాట ఆగిపోయినప్పుడు

స్క్రీన్ రీడరు వాడేవారికి నిశ్శబ్దమే అసలు ప్రమాదం. దానికి కారణాలు అనేకం, అందుకే వాటిని ఒక వరుసలో పరీక్షించడం నేర్పాను. ఎన్‌వీడీఏ కీతో ఎస్ పొరపాటున పడితే స్పీచ్ మోడ్ మారి మాట ఆగిపోవచ్చు, లేదా మాటకు బదులు బీప్ శబ్దాలు మాత్రం రావచ్చు. అదే కీలు మళ్లీ నొక్కి చూడాలి. హెడ్‌ఫోన్స్ పిన్ వదులైందా చూడాలి. అప్పటికీ పలకకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవుతుంది, మొదలైనట్టు చిన్న స్వరం వినిపిస్తుంది. అది కూడా రాకపోతే నేరేటర్‌ను లేపాలి. నేరేటర్ పలికితే తప్పు ఎన్‌వీడీఏది, అదీ పలకకపోతే శబ్దానిదో, కంప్యూటరుదో. ఇవన్నీ అయ్యాకే పక్క సీటువారిని పిలవాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం.

మరో రకం నిశ్శబ్దం ఉంది: ఎన్‌వీడీఏ బాగానే ఉంటుంది, ఫోకస్ మాత్రం ఎక్కడా ఉండదు. ఒక విండో మూసినప్పుడో, అప్‌డేట్ చేయమని అడిగే చిన్న విండో మధ్యలో దూరినప్పుడో ఇలా జరుగుతుంది. ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కితే ‘పేన్’ అనో ‘అన్‌నోన్’ అనో వస్తుంది. ఆల్ట్‌తో ట్యాబ్ నొక్కి పని చేస్తున్న విండోకు తిరిగి రావాలి, అదీ కుదరకపోతే విండోస్ కీతో ఎం. తొలిరోజుల్లో ఈ స్థితి రాగానే ఆయన చేతులు కీబోర్డు మీంచి లేచిపోయేవి. అడిగే కీలు చేతికి బాగా పట్టాక, ‘ఫ్లాగు ఊడిపోయింది’ అని తనలో తాను అనుకుని ఆల్ట్ ట్యాబ్ కొట్టడం నేను వింటూ ఉండేదాన్ని.

తెలుగు ఫైళ్లు

ఆఫీసులోని పాత తెలుగు నమూనాలు తెరిచినప్పుడు ఇద్దరం ఒక్కసారిగా ఆగిపోయాం. హెడ్‌ఫోన్స్‌లో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినిపించాయి. అవి అను ఫాంట్లలో టైపు చేసినవి. యూనికోడ్‌కు (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణానికి) ముందు కాలపు ఇలాంటి ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగు ఆకారమే అయినా, కంప్యూటరు లోపల దాగి ఉండేది రోమన్ అక్షరాల, గుర్తుల సంకేతాలు. చూసేవారికి తేడా తెలియదు, స్క్రీన్ రీడరు మాత్రం లోపల ఉన్నదాన్నే చదువుతుంది. ఫాంటు పేరు మార్చినంత మాత్రాన ఇది తీరదు, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. రోజూ వాడే నమూనాలను కన్వర్టరుతో మార్పించి, వత్తుల దగ్గర మిగిలిన తప్పులను ఆయన సహోద్యోగి ఒకరు సరిచేశాక కొత్త ఫోల్డరులో పెట్టాం.

తెలుగు టైపుకు విండోస్‌లోని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీల అమరిక) ఎంచుకున్నాం. విండోస్ కీతో స్పేస్ నొక్కి భాష మార్చగానే ఎన్‌వీడీఏ ఆ భాష పేరు చెబుతుంది. పాత టైపు మిషను అమరికకు ఇన్‌స్క్రిప్టుకు పోలిక లేదు కాబట్టి ఆయన వేళ్లు ఇక్కడ కొత్తగా నేర్వవలసి వచ్చింది. దిద్దుబాటులో వచ్చే చిక్కు వేరు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం, బాణం కీ కూడా దాన్ని ఒక్క గెంతులో దాటుతుంది. కానీ అందులో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి అని ఆరు సంకేతాలున్నాయి, బ్యాక్‌స్పేస్ వాటిని ఒక్కొక్కటిగా చెరుపుతుంది. ఒకసారి నొక్కి అక్షరం మొత్తం పోయిందనుకుంటే సగం వత్తులు మిగిలిపోతాయి. అందుకని తప్పు పడిన మాటను అక్షరం అక్షరంగా దిద్దకుండా, కంట్రోల్‌తో బ్యాక్‌స్పేస్ నొక్కి మాట మొత్తం తీసేసి మళ్లీ కొట్టడం అలవాటు చేశాను. టైపు తెలిసినవారికి అదే త్వరగా అయ్యే పని.

ఆఫీసుకు తిరిగి వెళ్లాక

ఆయనకు తిరిగి కంప్యూటరు సీటు ఇచ్చారు. ఉదయం లాగిన్ కావడం, విండోస్ కీతో ఇ నొక్కి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి సంవత్సరం వారీ ఫోల్డర్లలోకి దిగడం, ఆల్ట్‌తో పై బాణం నొక్కి ఒక మెట్టు వెనక్కు రావడం, ఎఫ్2తో పేరు మార్చడం, ఉత్తరం తయారుచేసి పంపడం తనంతట తానే చేస్తున్నారు. ఫోల్డర్ల పేర్లలో మొదటి అక్షరాలే వేగాన్ని నిర్ణయిస్తాయి. ‘న్యూ ఫోల్డర్’ అన్నవి ఏడెనిమిది ఉన్న కంప్యూటరులో ఎంత నేర్పరికైనా దారి దొరకదు. అందుకే సెక్షనులోని వారందరూ ఫైళ్లకు పేరు పెట్టే పద్ధతిని మార్చుకునేలా చేశారు. దానివల్ల చూపున్నవారికీ వెతుకులాట తగ్గిందని విన్నాను.

కానివీ ఉన్నాయి. స్కాన్ చేసి పంపే ఉత్తర్వులు ఉట్టి బొమ్మలు. ఇంగ్లీషువైతే ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కి అక్షరాలు గుర్తింపజేసుకుని సరిపెట్టుకుంటున్నారు, తెలుగువైతే ఎవరో ఒకరు చదివి వినిపించవలసిందే. ఫైళ్లు నడిపే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో కొన్ని బటన్లకు పేర్లు లేవు. ‘బటన్, బటన్, బటన్’ అని వరుసగా వినిపించే చోట మూడోది పంపే బటన్ అని లెక్కపెట్టుకుంటున్నారు. మధ్యలో కొత్త బటన్ ఒకటి చేరితే ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పనక్కర్లేదు. ఇది శిక్షణతో తీరే లోపం కాదు, ఆ బటన్లకు పేర్లు పెట్టడం సాఫ్ట్‌వేర్ రాసినవారి పని. దానిపై ఆయన రాతపూర్వకంగా విన్నవించారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆయన సెక్షనుకు విండోస్ 11 ఉన్న కంప్యూటర్లు వచ్చినప్పుడు నాకు ఫోన్ చేస్తారనుకున్నాను. వారం తరవాత చేశారు, అదీ ఒకే ఒక్క ప్రశ్నతో. ఫైలు మీద అప్లికేషన్స్ కీ నొక్కితే వచ్చే మెనూ కురచయిపోయింది, పాతవి కొన్ని అందులో లేవు. అప్లికేషన్స్ కీకి బదులు షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే పాత పొడవాటి మెనూ నేరుగా వస్తుందని చెప్పాను. మిగతావన్నీ ఎలా కనుక్కున్నారని అడిగితే, కొత్తగా అనిపించిన ప్రతిచోటా ఎన్‌వీడీఏ కీతో టి, ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్ నొక్కి, ట్యాబ్‌తో ఒక చుట్టు తిరిగి వచ్చానన్నారు. ఎక్సెల్‌లో పెద్ద పట్టికలు చదవడం ఇంకా మిగిలి ఉంది. కాలమ్ శీర్షికలు వాటంతటవే చదివించే పద్ధతి దగ్గర తరవాతి విడత మొదలుపెట్టబోతున్నాం.